ఏనుగు దీవెన

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గము మా చౌటుప్పలును నడిమికి చీల్చుకొని పోవుచున్నది. రేయింబవళ్లు లారీలును బస్సులును కార్లును తెంపు లేక పరుగిడుచుండుటచేత ఆ దారిని కాలినడకను పోవువానికి నిలువ నీడ లేదు. అట్టి దారివెంట గడచిన వేసవిలో నొకనాడు, పగలు పదునొకండు గంటలవేళ, ఒక ఏనుగు నడచి వచ్చెను. దానితో ముగ్గురు మనుష్యులు. ఒకడు మెడమీద కూర్చుండెను, ఒకడు పళ్లెము పట్టుకొని ముందు నడచెను, ఒకడు సంచులు మోయుచు వెనుక వచ్చెను. ఏనుగు నుదుట సున్నముతోను కుంకుమతోను రేఖలు తీర్చియుండిరి. వీపున రంగు వెలిసిన గుడ్డ, మెడలో గంట.

"ఏనుగొచ్చింది" అను కేక క్షణములో ఊరంతయు ప్రాకెను. అంగళ్లవారు గల్లాపెట్టెలు మూసి వీధిలోనికి వచ్చిరి. తల్లులు పసివారిని చంకనెత్తుకొని పరుగునవచ్చిరి. పది రూపాయల నోటు తొండమున పెట్టినచో ఏనుగు దానిని మీదివాని చేతికందించి, ఇచ్చినవాని తలమీద తొండము మోపును. దీనిని దీవెన యందురు. మరికొంత ఇచ్చినవారి బిడ్డను దాని పొట్టక్రిందుగా ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటించుచుండిరి. అట్లు చేసిన బిడ్డకు దడుపు పోవునని నమ్మకము.

నేనును ఇచ్చితిని. ఈ మాట మొదటనే చెప్పుకొనుట మేలు. ఇతరుల తప్పునెన్నువాడు తాను గట్టుమీద కూర్చున్నట్లు వ్రాయుట మన వ్యాసరచయితలలో పాతుకొనిన దురభ్యాసము. నా యేడేండ్ల మనుమరాలిని ముందుకు నడిపి, నోటు దాని చేతికిచ్చి, తొండమునకందింపుమంటిని. తొండము పిల్ల తలమీద నానెను. చుట్టునున్నవారు సంతోషించిరి. పిల్ల మాత్రము నా చేయి పట్టుకొని, "తాతా, ఇది రాత్రి ఏడ పండుకుంటది?" అని యడిగెను. నేనా ప్రశ్నను మావటికి హిందీలో వినిపించితిని. ఎచ్చట చీకటి పడునో అచ్చటనే యని అతడు చెప్పెను. "దీని అమ్మ ఏది?" అని పిల్ల మరల నడిగెను. దానికి మావటి నవ్వెను. నేనును నవ్వితిని. ఆ నవ్వునుగూర్చియే నేనిది వ్రాయుచున్నాను.

మా యెదురింటి పెద్దమ్మ యొకతె మాత్రము నోటు ఈయలేదు. ఆమె తన బోరుబావి మోటారు వేసి రబ్బరు గొట్టముతో నీలిరంగు డ్రమ్ము నింపెను. ఏనుగు ఆ డ్రమ్మును కాళీ చేసెను. ఆమె మరల నింపెను. అదియు కాళీ చేసెను. మూడవసారి సగమైన పిదప మావటి తొందరపడి ముందుకు తోలెను. ఈ సీమవారికి నీటి విలువ తెలియును. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారు మా చుట్టుపట్ల పల్లెలలో నింకను కనబడుచున్నారు. మిషన్ భగీరథ స్తంభమును 2015లో మా యూరనే ప్రతిష్ఠించుటయు నందుకొఱకే. ఎదిగిన ఏనుగునకు దినమునకు నూరు లీటర్లకు మించిన నీరు కావలెను. రాజమార్గముమీద ఎండలో నడుచుచు దొరికినచోట త్రాగవలసిన ప్రాణికి ఎంత దొరకునో మేమందరము ఊహింపగలవారమే. కాని పెద్దమ్మ తప్ప మాలో నెవ్వరును ఊహింపలేదు. మేము దీవెన పొందుటలో మునిగియుంటిమి.

ఇంటికి వచ్చిన పిదప తోచినవి కొన్ని కలవు. అది నిలిచినంతసేపు ఒక కాలు మార్చి యొక కాలెత్తుచునే యుండెను, తారు కాగియున్నది. ఏనుగు పాదము పైకి రాతిదిమ్మెవలె కనబడును గాని లోపల మెత్తని దిండువంటి కొవ్వుతో కూడినది. అడవినేలకై పుట్టినదిగాని తారుకును సిమెంటునకును పుట్టినది కాదు. పెంపుడు ఏనుగులకు వచ్చు వ్యాధులలో పాదములు పగులుట, గోళ్లు చెడుట, కీళ్లు పట్టుట ముఖ్యములని పశువైద్యులు చెప్పుదురు. అది చెవులాడించుచుండెను, ఏనుగునకు మనవలె ఒడలంతట చెమట పట్టదు గనుక చెవులలోని రక్తమును గాలికి చల్లార్చుకొని వేడిమిని పోగొట్టుకొనును. అది తల నటునిటు ఊపుచుండెను. "ఆడుచున్నది చూడు" అని ఒకరు పిల్లలకు చూపిరి. కట్టివేయబడి, తోడు లేక, చేయుటకు పని లేక, తిరుగుటకు తావు లేక యున్న ఏనుగు అట్లే గంటలకొలది ఊగును. అడవిలోని ఏనుగు ఊగదు. మనమొక ప్రాణి వేదనను దాని విలాసముగా చదువుకొంటిమి. ఆ చదువు తప్పని తెలియకుండుటయే మన యానందమునకు ఆధారమైనది.

ఇక మనుమరాలి రెండవ ప్రశ్న. ఆడ ఏనుగు ఇరువదిరెండు మాసములు బిడ్డను కడుపున మోయును. పుట్టిన ఆడుపిల్ల తల్లిని సాధారణముగా ప్రాణమున్నంతవరకు విడువదు. తల్లి, తల్లి చెల్లెండ్రు, వారి పిల్లలు ఒక మంద. ఆ మందకు వయసు మీరిన ఆడ ఏనుగు పెద్ద. నీరెక్కడ దొరకునో, ఏ దారి క్షేమమో దానికి జ్ఞాపకము. మన కుటుంబములలో మేనమామలకును పినతండ్రులకును ఉన్న యెడబాటు వాటిలో పినతల్లులకు లేదు. మన దేశములోని పెంపుడు ఏనుగులలో ననేకము గుడులలోను శాలలలోను పుట్టినవి కావు, అడవిలో పట్టబడినవి. మైసూరు సీమలోని కాకనకోటలో ఖెడ్డాయను పేర మందలను తరిమి పట్టుట 1971వరకు సాగెను. ఏనుగునకు మనుష్యునివలె అరువది డెబ్బది యేండ్ల ఆయువు కలదు. మా వీధిలో తొండమెత్తిన ఆ ముదుసలికి తల్లి యుండెనా, అది యేమయ్యెను, ఆ యేడుపు ఏ అడవి వినెను అని అడుగుటకు ఏడేండ్ల పిల్ల కావలసివచ్చెను.

ఏనుగు వీధిలో బిచ్చమెత్తుట మన యొక్క దేశముననే జరుగుచున్నది కాదు. దానికి ప్రసిద్ధికెక్కినది థాయి దేశము. ఆ కథ తెలిసికొనవలసినది. ఏలయన అది క్రూరుల కథ కాదు. ఆ దేశమునందు ఏనుగు రాజ్యచిహ్నము. 1917 ప్రాంతమువరకు వారి జెండాపై తెల్ల ఏనుగు బొమ్మ యుండెడిది. 1998 మొదలు ప్రతి మార్చి 13వ తేదీని ఏనుగుల దినముగా పాటించుచున్నారు. అయినను 1939నాటి వారి చట్టమొకటి పెంపుడు ఏనుగును ఎద్దుతోను గాడిదతోను బరువుమోయు పశువులలో చేర్చినది. అనగా పండుగనాడు దేవత, తక్కిన దినములలో గాడిద. దీనిని చూచి నవ్వువారు మన యింటిని కొంచెము తరువాత చూచుకొందురుగాక.

ఆ ఏనుగులు తరతరములుగా టేకు అడవులలో దుంగలు లాగుచుండెను. 1988 నవంబరులో దక్షిణ థాయి సీమను వరదలు ముంచెత్తి, చెట్లు నరికిన కొండచరియలు జారి, వందలకొలది జనులు మరణించిరి. దానితో ప్రభుత్వము కండ్లు తెరచి 1989 జనవరిలో అడవులు నరకుటను నిషేధించెను. అది మంచి శాసనము. కాని నాడు అరణ్యమును కాపాడినవారు దుంగలు లాగు ఏనుగు రేపేమి తినునని అడుగలేదు. దాని మావటియేమి తినునని అంతకన్న నడుగలేదు. పని పోయిన ఏనుగులను తోలుకొని మావటీలు పట్టణములకు బయలుదేరిరి. ఈశాన్యమున సురిన్ సీమయందు పూర్వము ఏనుగులను పట్టుటలో నేర్పరులైన కుయి జాతివారును అట్లే బయలుదేరిరి. బ్యాంకాకు వీధులలో రాత్రులు వాహనముల నడుమ ఏనుగు నడచుచుండెను. వెనుకనుండి వచ్చు బండ్లు గుద్దకుండ తోకకు మెరుగుబిళ్ళయో ఎర్రదీపమో కట్టుచుండిరి. చెరకుముక్కలును అరటిపండ్లును బుట్టలోనుంచి మావటి బాటసారులకమ్మును. వారు కొని ఏనుగుచేతనే తినిపింతురు. తన కూటికి తానే బిచ్చమెత్తి, ఆ బిచ్చమున మావటిని గూడ పోషించిన ప్రాణి అది. కాలువ మూతలు విరిగి కూలినవి, బండ్లు తగిలి కాళ్లు విరిగినవి అనేకము. తిరుగు పని చిక్కక మరల కొండలకు పోయిన వాటి గతియు మెరుగు గాదు: మోతాలా యను ఆడ ఏనుగు 1999లో బర్మా సరిహద్దున మందుపాతరపై అడుగిడి ముందుకాలు పోగొట్టుకొనెను, పది యేండ్లకు దానికి కట్టుడుకాలు అమర్చిరి.

2010లో బ్యాంకాకు నగరాధికారులు ఒక క్రొత్త పని చేసిరి. ఏనుగును తోలుకొని వచ్చినవానికే గాక, దానికి మేత కొని పెట్టిన బాటసారికిని జుర్మానా విధించిరి. నాకీ నియమము మొదట వింతగా తోచెను. ఆకలిగొన్న దానికి అరటిపండు పెట్టుట నేరమా? ఆలోచింపగా తెలిసినది. పండు పెట్టిన ప్రతివాడును రేపటి రాత్రికి కూడ ఏనుగు ఆ వీధికి రావలసిన కారణమును కొని పెట్టుచున్నాడు. దయ యొక్కొక్క చేతిలో దయయే. వేయి చేతులు కలిసినచో అది వ్యాపారమునకు మూలధనము. మా యూర నేనిచ్చిన పది రూపాయలు అట్టివి. నేనొక్కడను ఈయకున్న ఏమగును అందురా, ఏమియు కాదు. నేనొక్కడ నిచ్చుటచేత ఏమైనదందురా, అదియు నంతే. ఈ లెక్కతోనే మన దేశమున వరకట్నము బ్రతికియున్నది.

వీధులనుండి పోయిన ఏనుగులు థాయి దేశమున యాత్రికుల విడుదులలో చేరినవి. వీపుమీద పీటలు వేసి సవారీ, తొండముతో చిత్రలేఖనము, బంతులాట. ఆ విద్యలు నేర్పుటకు ముందు గున్నను తల్లినుండి విడదీసి, కదలరాని కఱ్ఱచట్రములో బిగించి, దాని మనసు విరిచెడి పద్ధతి యొకటి ఆ దేశమున కలదు. చిత్రము గీయుచున్న తొండమును చూచి చప్పట్లు కొట్టువారు ఆ చట్రమును చూడరు. 2020లో మహమ్మారివలన యాత్రికులు రాకుండిరి. విడుదులు మూతపడెను. నూటికి మించిన ఏనుగులు తమ మావటీలతో కొండలు దాటుచు స్వగ్రామములకు కాలినడకను పోయినవి. ఇంతకును ఆ ప్రాణుల బ్రదుకు ఎవని సరదాపైననో ఆధారపడియుండెను గాని తమ హక్కుపై నెన్నడును ఆధారపడలేదు.

ఇక మన యిల్లు. 2019లో కేంద్రప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమునకు తెలిపిన లెక్కనుబట్టి దేశమున 2,454 పెంపుడు ఏనుగులుండెను. వాటిలో నెక్కువభాగము వ్యక్తుల చేతులలోనివి. హైదరాబాదునందు ఏనుగు రెండు మతముల ఉత్సవములలోను నడచును. ఆషాఢ బోనాలలో అక్కన్న మాదన్న దేవాలయపు ఘటమును మోయును. మొహర్రము పదియవ దినమున డబీర్‌పురానుండి చాదర్‌ఘాటునకు బీబీకా ఆలమును మోయును. హిందువుల ఘటమును ముసల్మానుల ఆలమును మోసిన వీపు ఒక్కటే యగుట మనకు గర్వకారణముగా చెప్పుకొందుము, చెప్పుకొనదగినదే. నిజాము ధర్మసంస్థవారి హష్మీ, ఆ పిదప నెహ్రూ జంతుశాలలోని రజని, ఈ భారము మోసినవి. రజనిని జంతుశాలనుండి జనసమ్మర్దములోనికి తీసికొనిపోరాదను అభ్యంతరములు వచ్చినమీదట ఇటీవలి సంవత్సరములలో పొరుగు రాష్ట్రములనుండి ఏనుగును తెప్పించుట యలవాటైనది. వందలమైళ్లు లారీలో నిలిచి వచ్చుట, డప్పులు, బాకాలు, వేలకొలది జనము, తిరిగి లారీ. ఒక ఏనుగు అలసినదని మరియొక ఏనుగును అలయించుట పరిష్కారమని ఎవరికి తోచెనో తెలియదు.

ఈ సందర్భమున 2025లో కొల్హాపురమునకు సమీపమున నాందణియను గ్రామములో జరిగినది నన్ను మిక్కిలి కలచినది. అచ్చటి జైన మఠమున మాధురియను ఆడ ఏనుగు ముప్పదియేండ్లకు పైగా నుండెను. దానిని మహారాష్ట్ర సరిహద్దు దాటించి మన తెలంగాణమునందలి ఊరేగింపులకును త్రిప్పిరన్నది దానినిగూర్చిన వ్యాజ్యములోని ఆరోపణలలో నొకటి. పాదములు చెడినవనియు కీళ్లు పట్టినవనియు న్యాయస్థానము ముందుంచిన నివేదికలు చెప్పెను. ఏనుగు క్షేమమునకును మతకార్యమునందు దాని యుపయోగమునకును వైరుధ్యము వచ్చినచో క్షేమమే ముందని నిర్ణయించి, బొంబాయి ఉన్నత న్యాయస్థానము జూలై 16న దానిని గుజరాతునందలి జామ్‌నగరు సంరక్షణకేంద్రమునకు పంపుమనెను. సర్వోన్నత న్యాయస్థానము జూలై 28న ఆ తీర్పును నిలిపెను. మాధురిని పంపునాడు ఊరివారు బిగ్గరగా నేడ్చిరి. అటుపిమ్మట వేలాది జనులు తమ ఏనుగును తమకిమ్మని వీధులలో నడచిరి. చివరకు నాందణి సమీపముననే దానికొక నివాసము కట్టింతుమని ఆ కేంద్రమువారును ముందుకు వచ్చిరి.

ఆ కన్నీరు కపటమని నేననను. చీమను త్రొక్కకుండ నడచు మతమువారు వారు. ముప్పదియేండ్లు ప్రతి ఉదయమున దానికి బెల్లము పెట్టిన చేతులు వారివి. వారికి దానిపై ప్రేమ లేదనుట అన్యాయము. అయిననేమి, ఆ ప్రేమతోనే ఆ పాదములు చెడినవి. ప్రేమించినవాడు హింసింపడను నమ్మకముమీదనే మన సంసారములు నడచుచున్నవి. ఆ నమ్మకము ఎంత పెళుసైనదో మన యిండ్లలోని స్త్రీలు ఎరుగుదురు. కూతురును ప్రాణముగా పెంచి పదునాల్గవయేట పెండ్లి చేసిన తండ్రులు ప్రేమలేనివారా? కోడలు ఇంటి మహాలక్ష్మియని గడపలో నీళ్లు పోసి పిలిచి, ఆ గడప దాటనీయని అత్తలు పూజలేనివారా? పూజించుట వేరు, ఎదుటి ప్రాణికి ఏమి కావలయునో అడుగుట వేరు. నుదుట కుంకుమ పెట్టుటకు దాని మొగము చాలును. దానికేమి కావలయునో తెలిసికొనుటకు దాని కాళ్లు చూడవలెను. మేమందరము మొగమే చూచితిమి.

ఇది పూర్వాచారమనువారు కలరు. పూర్వులను పిలుచుట యుక్తమే. కాని పూర్తిగా పిలువవలెను. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని, నృత్తరత్నావళి వ్రాసినవాడు, మన కాకతీయుల గజబలమునకు అధిపతి. రామప్పగుడి పీఠము చుట్టును శిల్పి ఏనుగులను బారులుగా తీర్చెను. కౌటిల్యుడు ఏనుగుల అడవిని రాజ్యము కాపాడవలెననియు, ఏనుగును చంపినవానికి మరణదండన యనియు విధించెను. గున్నను, రోగిని, గర్భిణిని, పాలిచ్చు తల్లిని పట్టరాదనెను. దినమునకు రెండుమారులు స్నానమును, శాలయు, వైద్యుని గూడ నేర్పరచెను. ఆ కాలమును నేను పొగడుటలేదు. యుద్ధములో బాణములకెదురు నిలిపిన ఏనుగునకు రెండు స్నానములు ఎంతటి ఉపకారము? అయినను వారికొక లెక్క యుండెను: ఏనుగు కావలెనన్న ఖర్చు రాజు పెట్టుకొనవలెను, అడవి విడువవలెను. మనము రాజుల వైభవమును ఉంచుకొని ఖర్చును తీసివేసితిమి. ఆ ఖర్చు ఇప్పుడు ఏనుగు తానే తొండముతో వసూలు చేసికొనుచున్నది.

మన చట్టములు లేకపోలేదు. 1972నాటి వన్యప్రాణి చట్టమున ఏనుగు మొదటి పట్టికలోనున్నది. 2010లో దానిని జాతీయ వారసత్వజంతువనిరి. ఏనుగును అమ్మరాదు, కొనరాదు. కాని 2022నాటి సవరణ మతకార్యములకును ఇతరకార్యములకును దానిని చేతులు మార్చుటకు దారి యిచ్చినది. 2024లో నిబంధనలును వచ్చినవి. జీవహింసను నిషేధించు 1960నాటి చట్టమున మొదటి నేరమునకు శిక్ష పది రూపాయలకు తగ్గక ఏబదికి మించని జుర్మానా. మా వీధిలో అయిదిండ్ల దీవెన. నేనింటికి వచ్చి అడిగి తెలిసికొని ఒక కార్యాలయమునకు టెలిఫోను చేసితిని. ఏనుగు ప్రస్తుతమెచ్చటనున్నదో చెప్పుమనిరి. అది నడచుచున్నదని చెప్పితిని. ఎచ్చటనైన నిలిచిన పిదప మరల చేయుమనిరి.

మావటి మాట మరచుట న్యాయము కాదు. ఏనుగును చూచి కరగిన హృదయము సాధారణముగా మావటిని చూచి రాయియగును. అతనికిని చెప్పులు సరిగా లేవు. అతడును ఎండలో నడచెను, దారిప్రక్కనే పండుకొనెను. ఆ ఏనుగు అతనిది కాకపోవచ్చును. యజమాని వేరొకచోట నీడలోనుండి దినసరి లెక్క వసూలు చేయుచుండవచ్చును. ఏనుగును విడిపించి మావటిని వీధిలో విడిచినచో 1989లో థాయివారు చేసిన పొరపాటునే మరల చేసినవారమగుదుము. ఇట్లుగాక మరియొక విధముగా చేయవచ్చునని మన దేశముననే చూపిరి. మన చిన్ననాట ముక్కుకు త్రాడు గ్రుచ్చిన ఎలుగుబంటిని ఆడించుచు కలందరులు ప్రతి యూరికి వచ్చెడివారు. చట్టము చాలకాలమునుండి వద్దనుచుండెను. ఎవ్వరును మానలేదు, మానిన తినుటకేమున్నది? ఎలుగును అప్పగించినవారికి చిన్న వర్తకములకు పెట్టుబడియు, స్త్రీలకు కుట్టుపనియు, పిల్లలకు చదువును కల్పించిన పిదప ఆ యాట ఆగెను. 2009 డిసెంబరులో కడపటి ఆటఎలుగును అప్పగించిరి. ఆ కలందరుల పిల్లలు నేడు బడులకు పోవుచున్నారు. మావటికి ఏనుగు మనసు తెలిసినట్లు మనలో పట్టభద్రులెవ్వరికిని తెలియదు. రక్షణశిబిరములలో ఆ విద్యకు జీతమిచ్చుట అరిది కాదు.

దేవతకు ఏనుగు లేక ఉత్సవమెట్లని భక్తులడుగుదురు. ఈ ప్రశ్నకు మన దేవాలయములే ఎప్పుడో సమాధానము చెప్పినవి, మనము వినలేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో ఆరవనాటి రాత్రి స్వామి గజవాహనముపై వీథులలో వేంచేయును. ఆ గజము ప్రాణమున్నది కాదు, చేసిన వాహనము. మన పల్లెలలోని చిన్న గుడులందును కఱ్ఱ ఏనుగు వాహనములు కలవు. సింహవాహనమునకు సింహమును తెచ్చుచున్నామా? శేషవాహనమునకు పామును పట్టుచున్నామా? దొరకినది ఏనుగొక్కటియే గనుక దాని నొక్కదానిని తెచ్చుచున్నాము. 2020లో మహమ్మారి దినములలో బీబీకా ఆలము ఏనుగు లేకయే బండిమీద వెడలెను. ఏడ్చువారు ఏడ్చుటను మానలేదు. 2023లో కేరళమునందు త్రిశ్శూరు సీమలోని ఇరింజాడప్పిళ్లి శ్రీకృష్ణాలయమువారు యంత్రపు ఏనుగును దేవునికర్పించిరి. కొందరు పరిహసించిరి. యంత్రము భక్తికి తగునా యని. మరి ఊగుచున్న ఆ ముదుసలిని మనము యంత్రముగా కాక మరేమిగా వాడుకొంటిమి?

మా యింట గజేంద్రమోక్షము మా తల్లిగారు నిత్యము పఠించెడివారు. మొసలినోట చిక్కిన ఏనుగు మొర, విష్ణువు పరుగు—ఇవి తెలుగువారి యింటింట నున్నవి. నేనీమధ్య ఆ ఘట్టమును మొదటినుండి మరల చదివితిని. ఆశ్చర్యమేమనగా, మొసలి వచ్చుటకు ముందు పోతనగారు చాలసేపు మందను వర్ణించుచు నిలిచిరి. ఆడ ఏనుగులు, గున్నలు, కొండ, దప్పి, మడుగు, ఆ నీటిలో ఆట. గజేంద్రుడు పోగొట్టుకొన్నదేమో తెలియనిదే అతని మొర యేమో తెలియదని ఆయనకు తెలియును. మనము మొరను మాత్రము కంఠస్థము చేసి మందను విడిచితిమి. ఆ కథలో కాలు పట్టిన మొసలి యొకటి కలదు. మా వీధిలో ఆ స్థానమున ఎవ్వరుండిరని ఆలోచించితిని. ఆలోచన నన్ను విడువలేదు.

ఏనుగు సాధుజంతువని పిల్లలకు చెప్పి పెంచుటయు మేలు కాదు. 2024 ఏప్రిలులో మహారాష్ట్రనుండి దారితప్పి వచ్చిన అడవి ఏనుగు ఆసిఫాబాదు జిల్లాలో ఇద్దరు రైతులను చంపినది. చిత్తూరు సీమలో పంటలు పోగొట్టుకొను కాపులకు ఏనుగుమాట చెప్పిన కోపము వచ్చుట సహజము. ఆ యిండ్లముందు నిలిచి ఏనుగు హక్కులనుగూర్చి ఉపన్యసించుటకు నాకు నోరు రాదు. కాని ఆ భయమునకును మా వీధిలోని గొలుసునకును సంబంధము లేదు. అడవిదానిని భయపడవచ్చును, దూరముగా నుంచవచ్చును. తెచ్చి, విరిచి, బొట్టుపెట్టి, బిచ్చమెత్తించుట ఆ భయమువలన జరుగుటలేదు.

రెండుదినముల పిదప పంతంగి టోలుకడ ఒక ఏనుగు కనబడినదని లారీవారు చెప్పిరి. అది యదియో కాదో. మరల వచ్చినచో ఏమి చేయవలెనను చర్చ మా యింట జరిగెను. నోటు ఈయరాదని నేనంటిని. దీవెనకు నిలువబోనని మనుమరాలనెను. డ్రమ్ములు రెండు కావలెనని, ఒకటి చాలదని, ఎదురింటి పెద్దమ్మ చెప్పెను. కార్యాలయపు టెలిఫోను సంఖ్యను గోడమీద వ్రాసియుంచితిమి. "మరి ఆ ముగ్గురి భోజనమో?" అని నా భార్య యడిగెను. మన యింటనే పెట్టుదమంటిని. అట్లు పెట్టినచో వారు రేపు మరల వత్తురు గదా యని ఆమె యనెను. నేనింకను దానికి సమాధానము చెప్పలేదు.